రెండుసార్లు నొక్కితేనే తెర వస్తుందా?

"మాస్టారూ, మీరు ఆ మీట ప్రతిసారీ రెండుసార్లే ఎందుకు నొక్కుతారు?"

2017లో పోర్ట్ బ్లెయిర్‌లోని ఒక బడిలో పదో తరగతి అమ్మాయి నన్ను అడిగిన ప్రశ్న ఇది. అప్పటికి నేను గంటసేపు మూఢనమ్మకాల మీద మాట్లాడి, చెమట తుడుచుకుంటూ ప్రొజెక్టర్ తీగ చుట్టుకుంటున్నాను. పిల్లి ఎదురొస్తే పని ఎందుకు చెడదో, గుమ్మానికి నిమ్మకాయ కట్టినంత మాత్రాన దొంగ ఎందుకు ఆగడో అప్పుడే చెప్పి ముగించాను.

"రెండుసార్లు నొక్కితేనే గోడ మీద బొమ్మ వస్తుందమ్మా" అన్నాను.

"ఒకసారి నొక్కితే రాదా?"

"రాదు."

"నొక్కి చూశారా?"

జవాబు చెప్పబోయి ఆగిపోయాను. నొక్కి చూడలేదు. మూడేళ్ళుగా ఏ బడికి వెళ్ళినా, ఏ హాలుకి వెళ్ళినా నాది ఒకటే వరస. తీగ గుచ్చడం, మనసులో ఐదు లెక్కపెట్టుకోవడం, విండోస్ మీట పట్టుకుని పి అక్షరాన్ని టకటకా రెండుసార్లు కొట్టడం, ఆ పైన లాప్‌టాప్ మూతని కొంచెం వెనక్కి వంచడం. మూత వంచడం దేనికంటే నా దగ్గర ఈనాటికీ సమాధానం లేదు. ఇదంతా చేశాక బొమ్మ వచ్చేది. వచ్చేది కాబట్టి చేసేవాణ్ణి. మా ఇంటి పక్కాయన ప్రతి శనివారం స్కూటర్‌కి నిమ్మకాయ కట్టేది కూడా సరిగ్గా ఈ కారణంతోనే. ఆయన స్కూటర్‌కీ ఏనాడూ ప్రమాదం జరగలేదు మరి!

ఆ అలవాటు నాకు ఎలా అంటుకుంది, ఎలా వదిలింది అన్నది చెబుదామనే ఈ వ్యాసం. ఇందులో కొంత కంప్యూటర్ గొడవ ఉంటుంది. కంప్యూటర్ తెలియని మిత్రులు కూడా ఓపిక పట్టి చదవమని మనవి. ఇది అసలు కంప్యూటర్ గురించి కాదు.

ముందు మా ఊరి సంగతి చెప్పాలి. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరుని శ్రీ విజయపురం అని మార్చారు. మా నోళ్ళలో మాత్రం ఇంకా పాత పేరే నానుతోంది. అండమాన్‌లో తెలుగువాళ్ళు ఉంటారని మెయిన్‌ల్యాండ్‌లో చాలామందికి తెలియదు. 2011 జనాభా లెక్కల్లో ఇక్కడి 3.8 లక్షల మందిలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. మావాళ్ళలో ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళే. సంఖ్యలో మాకంటే ముందు బెంగాలీ, హిందీ, తమిళం మాట్లాడేవాళ్ళు ఉన్నారు. నలుగురు కూడిన చోట అందరూ హిందీలోనే మాట్లాడుకుంటారు. అందువల్ల ఇక్కడ ఏ సభ పెట్టినా ఒక్క భాషతో పని జరగదు. ఈ రెండు భాషల ఇబ్బందే తర్వాత నన్ను రెండు తెరల దాకా లాక్కెళ్ళింది. దాని దగ్గరకి తర్వాత వస్తాను.

2014 డిసెంబరు 26. సునామీ వచ్చి పదేళ్ళు. మా హేతువాద మిత్రులం కొందరం కలిసి ఒక చిన్న హాల్లో సభ పెట్టాం. సునామీ ఎవరి శాపమూ కాదు, ఎవరి కోపమూ కాదు అని చెప్పడం నా వంతు. 2004లో ఆ ఉదయం 6 గంటల 29 నిమిషాలకి సుమత్రా పక్కన సముద్రం అడుగున భూమి పగిలింది. తీవ్రత 9.1. ఆ పగులు ఉత్తరంగా మా అండమాన్ దాకా, సుమారు 1,300 కిలోమీటర్లు సాగింది. పోర్ట్ బ్లెయిర్ నేల దాదాపు ఒక మీటరు కుంగింది. సిప్పీఘాట్ పొలాల్లోకి ఉప్పునీరు వచ్చి అక్కడే ఉండిపోయింది. గ్రేట్ నికోబార్ చివర ఇందిరా పాయింట్ 4 మీటర్లకు పైగా దిగిపోయి, అక్కడి లైట్‌హౌస్ మొదలు నీళ్ళలో నిలబడింది. ఆ లైట్‌హౌస్ ఫోటో తెర మీద పెట్టి, "దీని వెనక ఏ దేవతా లేదు, కదిలే భూమి పలకలు మాత్రమే ఉన్నాయి" అన్నాను.

అనగానే తెర నల్లబడింది.

హాల్లో చప్పుడు లేదు. ముందు వరసలో డెబ్బై ఏళ్ళ పెద్దాయన ఒకాయన కూర్చుని ఉన్నాడు. పడవ ఇంజన్లు బాగుచేసేవాడు. కార్ నికోబార్‌లో పనికి వెళ్ళిన ఆయన తమ్ముడు ఆ రోజు మరి తిరిగి రాలేదు. ఆ పెద్దాయన నెమ్మదిగా అన్నాడు: "సూసినావా బాబూ. గంగమ్మ తల్లికి నీ మాట ఇష్టం నేదు."

నాకు చేతులు వణికాయి. భయమా అంటే భయమే, ఒప్పుకుంటాను. దేవతంటే కాదు, అంతమంది నన్ను చూస్తున్నారని. లాప్‌టాప్‌ని నా వైపుకి లాక్కుని, తోచిన మీటలన్నీ నొక్కాను. చివర్లో విండోస్ మీటతో పి ని రెండుసార్లు కొట్టి, మూత వెనక్కి వంచాను. బొమ్మ వచ్చింది. మొత్తం అరనిమిషం పట్టిందేమో. కానీ ఆ తర్వాత నేను చెప్పింది ఎవరూ వినలేదు. ఇళ్ళకి వెళ్తూ అందరూ చెప్పుకున్నది పెద్దాయన మాటే.

నా చేతికి ఆ రెండు దెబ్బలూ, ఆ మూత వంచడమూ అంటుకున్నది ఆ రోజునే. ఆ సంగతి నాకు మూడేళ్ళ దాకా, ఆ అమ్మాయి అడిగేదాకా తట్టలేదు.

అమెరికాలో బి. ఎఫ్. స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1948లో పావురాల మీద ఒక ప్రయోగం ప్రచురించాడు. ఆకలితో ఉన్న పావురాన్ని పెట్టెలో పెట్టి, అది ఏం చేసినా చెయ్యకపోయినా, క్రమం తప్పకుండా 15 సెకన్లకొకసారి గింజలు అందేలా చేశాడు. ఎనిమిది పావురాల్లో ఆరు ఏదో ఒక అలవాటు నేర్చుకున్నాయి. ఒకటి గడియారానికి ఎదురు దిశలో గిరగిరా తిరిగేది. ఇంకొకటి పెట్టె పైమూలలోకి తల దూర్చేది. గింజలు పడే సమయానికి ఏం చేస్తూ ఉందో, దాన్నే మళ్ళీ మళ్ళీ చేసిందని స్కిన్నర్ వివరణ. 1971లో స్టాడన్, సిమెల్‌హాగ్ అనే ఇద్దరు ఇదే ప్రయోగాన్ని ఇంకా జాగ్రత్తగా చేసి, పావురాల ప్రవర్తనలో చాలా భాగం వాటి సహజ స్వభావమేనని, స్కిన్నర్ చెప్పినంత సులువు కాదని చూపించారు. కాబట్టి పావురాల సంగతి ఇంకా వాదనలో ఉన్నదే. నా సంగతిలో మాత్రం వాదన అక్కర్లేదు. మూత వంచుతున్నప్పుడు గింజ పడింది, అప్పట్నించీ మూత వంచుతున్నాను.

ఇప్పుడు ఆ మీట అసలు ఏం చేస్తుందో చూద్దాం. పాత రోజుల్లో, ఎక్స్‌పీ కాలంలో, ప్రతి లాప్‌టాప్‌కీ ఎఫ్‌ఎన్ అనే మీటతో కలిపి ఒక ప్రత్యేకమైన మీట ఉండేది. ఒక కంపెనీకి ఎఫ్4, ఒకదానికి ఎఫ్5, ఇంకోదానికి ఎఫ్7, మరోదానికి ఎఫ్8. దాని మీద తెర బొమ్మ చిన్నగా గీసి ఉండేది. నొక్కిన కొద్దీ "లాప్‌టాప్ మాత్రమే, రెండూ, ప్రొజెక్టర్ మాత్రమే" అని గుండ్రంగా తిరిగేది. 2009లో విండోస్ 7 వచ్చాక అందరికీ ఒకే మీట వచ్చింది. విండోస్ మీట పట్టుకుని పి నొక్కితే నాలుగు బొమ్మల పట్టీ తెర మీద వస్తుంది: కంప్యూటర్ మాత్రమే, రెంటి మీదా ఒకే బొమ్మ, రెండు తెరలూ కలిపి ఒకే పెద్ద బల్ల లాగా, ప్రొజెక్టర్ మాత్రమే. మళ్ళీ పి నొక్కితే ఎంపిక పక్క బొమ్మకి జరుగుతుంది.

ఇక్కడే ఉంది కిటుకు. "రెండుసార్లు నొక్కడం" అంటే ఎక్కడికి వెళ్ళమని? ఎక్కడున్నామో దాని మీద ఆధారపడి ఉంటుంది. మొదట "కంప్యూటర్ మాత్రమే"లో ఉంటే, మొదటి నొక్కు పట్టీని తెస్తుంది, రెండో నొక్కు "రెంటి మీదా ఒకే బొమ్మ"కి జరుపుతుంది. గోడ మీద బొమ్మ ప్రత్యక్షం! నా మంత్రం పనిచేసింది. అదే మొదట్నించీ "రెంటి మీదా ఒకే బొమ్మ"లోనే ఉంటే, రెండు నొక్కులు దాన్ని దాటించి "పెద్ద బల్ల"కి తీసుకుపోతాయి. గోడ మీద ఖాళీ వాల్‌పేపర్ మాత్రమే కనిపిస్తుంది. మంత్రం వికటించింది. అప్పుడు నేనేం చేసేవాణ్ణి? "సరిగ్గా నొక్కలేదు" అనుకుని మళ్ళీ టకటకా కొట్టేవాణ్ణి. మొక్కు ఫలించకపోతే "మనసు పెట్టి మొక్కలేదు" అనుకునే భక్తుడికీ నాకూ తేడా ఏముంది?

మన ఇళ్ళల్లో మెట్ల దగ్గర దీపానికి కింద ఒక స్విచ్చి, పైన ఒక స్విచ్చి ఉంటాయి చూడండి. ఆ స్విచ్చి పైకి ఉందో కిందికి ఉందో చూసి దీపం వెలుగుతోందో లేదో చెప్పలేం. దీపాన్నే చూడాలి. దీపం కనిపించని చోట నిలబడి ఆ స్విచ్చి వేస్తే ఎవరికైనా తికమకే. తిప్పుడు మీటల జబ్బు ఇదే. వాటికి గమ్యం ఉండదు, "పక్కకి జరుగు" అని మాత్రమే తెలుసు. కట్, కాపీ, పేస్ట్ మనకి అందించిన లారీ టెస్లర్ (1945–2020) జీవితమంతా ఇలాంటి, స్థితిని బట్టి అర్థం మారిపోయే మీటల మీదే పోరాడాడు. తన కారు నెంబరు ప్లేటు మీద "నో మోడ్స్" అని రాయించుకున్నాడంటే ఆయన పట్టుదల అర్థం చేసుకోండి.

దీనికి తోడు ఆలస్యం ఒకటి. మీట నొక్కగానే బొమ్మ రాదు. తీగలో బొమ్మ మోసే పిన్నులు కాక, వేరే రెండు సన్నటి దారులున్నాయి. వాటి మీద ప్రొజెక్టర్ "నేను ఫలానా, నాకు ఇంత సైజు బొమ్మ కావాలి" అని కంప్యూటర్‌కి చెప్పుకుంటుంది. 1994లో వచ్చిన పద్ధతి ఇది. ఆ సంభాషణ అయ్యాక ప్రొజెక్టర్ కొత్త సంకేతానికి సర్దుకోవడానికి ఇంకొన్ని సెకన్లు పడుతుంది. ఆ కొన్ని సెకన్లు వంద మంది ముందు నిలబడినవాడికి యుగంలా ఉంటాయి. ఆగలేక మళ్ళీ నొక్కుతాడు. మొదటి నొక్కుకి వచ్చిన ఫలితాన్ని మూడో నొక్కు ఖాతాలో వేసుకుంటాడు.

సరే, ఆ అమ్మాయి ప్రశ్నకి వద్దాం. మర్నాడు బడి అయ్యాక ఇద్దరం, వాళ్ళ సైన్సు టీచరు గారు సాక్షిగా, పరీక్ష మొదలుపెట్టాం. పద్ధతి ఆ అమ్మాయే చెప్పింది. కంప్యూటర్ ఏ స్థితిలో ఉందో నాకు తెలియకుండా తను మార్చి పెడుతుంది. నేను వచ్చి నా మంత్రం ప్రకారం రెండుసార్లు కొడతాను. తను నోటుపుస్తకంలో మూడు గళ్ళు గీసి రాసుకుంటుంది: మొదట ఏ స్థితి, ఎన్ని నొక్కులు, చివరికి ఏం వచ్చింది. మధ్యలో కొన్నిసార్లు నేను అసలేమీ నొక్కకుండా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. ఎప్పుడు నొక్కాలో ఎప్పుడు నొక్కకూడదో రూపాయి బిళ్ళ ఎగరేసి తేల్చాలి.

సాయంత్రానికి పుస్తకంలో రెండు పేజీలు నిండాయి. నా రెండు దెబ్బలు మొదటి స్థితి ఒకరకంగా ఉన్నప్పుడే ఫలించాయి, మిగతా అన్నిసార్లూ తప్పు చోటికి తీసుకుపోయాయి. అంతకంటే సిగ్గుపడాల్సిన విషయం చేతులు కట్టుకున్న గడిలో ఉంది. ఒకసారి కలిపిన ప్రొజెక్టర్‌నే మళ్ళీ కలిపితే, పోయినసారి వాడిన పద్ధతిని విండోస్ గుర్తుపెట్టుకుని తనంతట తానే అక్కడికి వెళ్తుంది. కొన్ని సెకన్లు ఆగితే చాలు, ఏ మీటా అక్కర్లేదు. మూత వంచడం వల్ల తేడా ఏమీ కనబడలేదని వేరే చెప్పనక్కర్లేదు కదా.

ఇంకో మాట కూడా తను పట్టుకుంది. "మాస్టారూ, పట్టీలో ఏది వెలుగుతోందో కనిపిస్తూనే ఉంది కదండీ. మీరు దాన్ని చూడరేం?" నిజమే. స్థితి నా ముక్కు ముందే కనబడుతోంది. నేను మూడేళ్ళుగా గోడ వైపే చూస్తున్నాను, ఫలం కోసం.

అయితే 2014లో తెర ఎందుకు పోయింది? ఆ తీగ ఇంకా నా సంచిలోనే ఉంది. దాని కొసని వెలుతురులో పెట్టి చూశాం. పదిహేను పిన్నుల్లో కొన్నిటి మొదట్లో పచ్చటి చిలుము. మా దీవుల్లో ఇది కొత్త కాదు, ఉప్పుగాలికి తాళాలు, కిటికీ ఊచలు, ఫ్యాను రెక్కలు ఏవీ ఆగవు. లాప్‌టాప్‌కి గుచ్చి, ఆ కొసని కొంచెం ఎడమకి నెట్టాం. గోడ మీది బొమ్మ పోయింది. వదిలేశాం. వచ్చింది. మళ్ళీ నెట్టాం, మళ్ళీ పోయింది. అంటే నేను ఆ రోజు మీటలు నొక్కే కంగారులో లాప్‌టాప్‌ని నా వైపు లాక్కున్నప్పుడు తీగ కదిలి, పట్టు మళ్ళీ దొరికి ఉంటుంది. మూడేళ్ళ కిందటి సంగతి కాబట్టి కచ్చితంగా అదే అని ప్రమాణం చెయ్యలేను. కానీ ఈ కారణాన్ని ఎవరైనా, ఎన్నిసార్లయినా పరీక్షించి చూసుకోవచ్చు. గంగమ్మ తల్లి కోపానికి ఆ సౌకర్యం లేదు.

కారణం తెలిసింది. మరి చేతి అలవాటు? తెలిసినంత మాత్రాన పోలేదు. మరుసటి వారం ఇంకో హాల్లో నా వేళ్ళు వాటంతట అవే టకటక కొట్టాయి. మీట అలా ఉన్నంతకాలం నేను ఇలాగే ఉంటానని అర్థమైంది. అందుకని మీటనే మార్చాను.

విండోస్‌లో డిస్‌ప్లేస్విచ్ అని ఒక చిన్న ప్రోగ్రాం ముందే ఉంటుంది. పి నొక్కినప్పుడు వచ్చే పట్టీ దానిదే. దాన్ని పిలిచేటప్పుడు పేరు పక్కన ఇంటర్నల్, క్లోన్, ఎక్స్‌టెండ్, ఎక్స్‌టర్నల్ అన్న నాలుగు మాటల్లో ఒకటి చేరిస్తే, పట్టీ లేకుండా సూటిగా ఆ స్థితికే వెళ్తుంది. (నేను విండోస్ 7 మీదా, 10 మీదా ఇలా వాడాను.) డెస్క్‌టాప్ మీద దానికి నాలుగు షార్ట్‌కట్లు చేసి, ఒక్కొక్కదాని ప్రాపర్టీస్‌లో కంట్రోల్, ఆల్ట్‌లతో కలిపి 1, 2, 3, 4 అంకెలు ఇచ్చాను. ప్రోగ్రామింగ్ ఏమీ రాకపోయినా ఈ మాత్రం ఎవరైనా చేసుకోవచ్చు.

తేడా చూడండి. ఇప్పుడు 2 నొక్కితే "రెంటి మీదా ఒకే బొమ్మ". మొదట ఎక్కడున్నా సరే. ఒకసారి నొక్కినా అదే, కంగారులో పదిసార్లు కొట్టినా అదే. ప్రోగ్రామర్లు దీన్ని ఐడెంపొటెంట్ అంటారట. నేను మా పిల్లలకి ఇలా చెబుతాను: "పక్క వీధికి పద" అంటే ఎక్కడ నిలబడి అన్నావో తెలియాలి, "అబర్దీన్ బజారుకి పద" అంటే తెలియక్కర్లేదు.

ఆ తర్వాత ఆశ పెరిగింది. రెండు భాషల ఇబ్బంది అన్నాను కదా. 2018లో కొత్త లాప్‌టాప్ కొన్నాక, హాల్లోని టీవీని ఒక సాకెట్‌కీ ప్రొజెక్టర్‌ని ఇంకో సాకెట్‌కీ కలిపి, టీవీ మీద తెలుగు, గోడ మీద హిందీ చూపించాలనుకున్నాను. నా ముందు మూడో తెర, నా నోట్స్ కోసం. అంటే ఏ కిటికీ ఏ తెర మీదికి వెళ్ళాలో మీటలతో చెప్పాలి. విండోస్, షిఫ్ట్, బాణం మీట కలిపి నొక్కితే కిటికీ పక్క తెరకి దూకుతుంది గానీ, అది మళ్ళీ తిప్పుడు మీటే. నాకు సరిపోదు.

అప్పుడు ఆటోహాట్‌కీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దొరికింది. 2003 నుంచీ ఉన్నదే. ఏ మీట నొక్కితే ఏం జరగాలో మామూలు పాఠంలాగా ఒక ఫైల్లో రాసుకోవచ్చు. మాకు చెన్నై నుంచి సముద్రం కింద కేబుల్ వచ్చింది 2020 ఆగస్టులో. అప్పటిదాకా ఉపగ్రహం మీదే ఆధారం, చిన్న ఫైలు కూడా సగంలో తెగిపోయేది. విశాఖ నుంచి ఓడలో వస్తున్న మిత్రుడు పెన్‌డ్రైవ్‌లో తెచ్చిపెట్టాడు.

మొదటి ప్రయత్నంలో "ఎఫ్9 నొక్కితే రెండో నెంబరు తెర" అని రాశాను. ఇంట్లో బ్రహ్మాండంగా పనిచేసింది. హాల్లో తెలుగు పోయి గోడ మీద పడింది, హిందీ టీవీ మీద పడింది. తీగలు పీకి మళ్ళీ గుచ్చితే విండోస్ ఇచ్చే నెంబర్లు మారిపోవచ్చని అప్పుడు తెలిసింది. నెంబరుని నమ్మడం మానేసి, తెర ఎక్కడుందో చూడమని రాశాను. విండోస్ లెక్కలో అన్ని తెరలూ కలిపి ఒక పెద్ద నేల. ముఖ్యమైన తెర ఎడమ అంచు సున్నా. దానికి ఎడమ పక్క తెర ఉంటే దాని అంచు సున్నాకి తక్కువ, కుడి పక్క ఉంటే ముఖ్యమైన తెర వెడల్పు అయిపోయిన చోట మొదలు. టీవీని ఎప్పుడూ ఎడమకీ, ప్రొజెక్టర్‌ని కుడికీ అమర్చుకుని, "అన్నిటికంటే ఎడమనున్న తెరకి తెలుగు, అన్నిటికంటే కుడికి హిందీ" అని రాస్తే సరిపోయింది.

ఆ పెద్ద నేల తెలిశాక ఇంకో దయ్యం కూడా దిగిపోయింది. ప్రొజెక్టర్‌ని ఆర్పేసినా, తీగ గుచ్చే ఉంటే చాలాసార్లు కంప్యూటర్ ఆ తెర ఉన్నట్టే లెక్కేస్తుంది. మౌసు అంచు దాటి అటు వెళ్ళిపోతుంది, తెరిచిన కిటికీ అక్కడెక్కడో తెరుచుకుంటుంది. "మౌసు మాయమైంది, ఎవరో లాగేస్తున్నారు" అని ఒక ఆఫీసు నుంచి నన్ను పిలిచారు కూడా. కనబడని లోకం ఒకటి ఉందని కంప్యూటర్ గట్టిగా నమ్ముతోంది, అంతే. దాని పరలోకాన్ని తీగ పీకి రద్దు చెయ్యొచ్చు!

చివరగా రెండు చేర్పులు. ఒకటి, ఏ మీట నొక్కినా నా తెర మూలలో పెద్ద అక్షరాలతో "ఇప్పుడు: మూడు తెరలు, వేర్వేరు" అని ఇప్పుడున్న స్థితి కనిపించాలి. రెండు, నొక్కాక పది సెకన్లపాటు "ఆగండి" అని చూపిస్తూ, ఈలోగా ఎన్నిసార్లు నొక్కినా పట్టించుకోకూడదు. మొత్తం ముప్ఫై వరసలు మించలేదు. నా మూఢనమ్మకాన్ని వదిలించింది ఆ ముప్ఫై వరసలే. అంతకుముందు నేనిచ్చిన ఉపన్యాసాల్లో ఒక్కటీ నా మీద పనిచెయ్యలేదు.

ఇక్కడ మన హేతువాదులకి ఒక మాట మనవి చేసుకోవాలి. గోరా గారు స్థాపించిన నాస్తిక కేంద్రం వాళ్ళు నిప్పుల మీద నడిచి చూపించారు. బసవ ప్రేమానంద్ గారు బాబాల విభూతి కిటుకులు ఊరూరా విప్పి చెప్పారు. ఆ కిటుకులు బయటపెట్టడం మన గొప్ప సంప్రదాయం. కానీ మనం పట్టుకునేది ఎప్పుడూ మోసగాడినే. నా రెండు దెబ్బల వెనక ఏ మోసగాడూ లేడు. లోపల స్థితి ఏమిటో చూడలేదు, జవాబు ఆలస్యంగా వచ్చింది, పోతుందన్న భయం ఉంది. ఈ మూడూ కలిసిన చోట బాబా అక్కర్లేకుండానే మంత్రం పుడుతుంది.

2012 ఏప్రిల్ 11న సుమత్రా పక్కనే మళ్ళీ 8.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. మా వీధి వీధంతా ఎత్తు మీదికి పరుగెత్తాం. పెద్ద కెరటాలు రాలేదు. మా వీధిలో ఒకావిడ ఆ సాయంత్రం సముద్రానికి పసుపు, కుంకుమ వదిలి దీపం పెట్టింది కాబట్టే రాలేదని ఇప్పటికీ చెబుతుంది. ఆ రోజు భూమి పలకలు పక్కకి ఒరుసుకున్నాయి. 2004లోలాగా సముద్రం అడుగు నేల పైకి లేవలేదు, కాబట్టి నీళ్ళని ఎత్తి తోసేది ఏదీ లేదు. కానీ నేలకింది స్థితి ఆవిడకి ఎక్కడ కనబడుతుంది? దీపం పెట్టింది, కెరటం రాలేదు. నేను మూత వంచాను, బొమ్మ వచ్చింది.

2004లో ఆ స్థితి ఎవరికీ కనబడలేదు. భూకంపం తర్వాత కెరటాలు చెన్నై చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. హిందూ మహాసముద్రానికి హెచ్చరిక వ్యవస్థ అంటూ లేకపోవడం వల్ల ఆ రెండు గంటలూ వృథా అయ్యాయి. 2007 అక్టోబరులో హైదరాబాదులోని ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. 2012లో మాకు హెచ్చరిక వచ్చింది అక్కడి నుంచే, తర్వాత దాన్ని ఉపసంహరించినదీ వాళ్ళే. ఆ కేంద్రం చేసే పని నా తెర మూలలోని అక్షరాల పనిలాంటిదే, కొన్ని వేల రెట్లు పెద్దది.

2018 డిసెంబరు 26న అదే హాల్లో మళ్ళీ సభ పెట్టాం. టీవీ మీద తెలుగు, గోడ మీద హిందీ. పెద్దాయన వచ్చాడు, అదే ముందు వరస. లైట్‌హౌస్ ఫోటో వచ్చింది. నేను ఆగాను. తెర పోలేదు. సభ అయ్యాక ఆయన నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఇయాల తెర పోనేదేటి బాబూ?"

సంచిలోంచి పాత తీగ తీసి, చిలుము పట్టిన పిన్నులు చూపించాను. కొసని నెట్టి గోడ మీది బొమ్మ పోగొట్టి, మళ్ళీ తెప్పించాను. ఆయన తీగని తన చేతిలోకి తీసుకుని, తనే రెండు మూడుసార్లు నెట్టి చూశాడు. ఇంజన్లు బాగుచేసిన చెయ్యి కదా, కొసని ఎంత ఒరిపితే బొమ్మ పోతుందో ఇట్టే పట్టేశాడు.

"ఉప్పుగాలి బాబూ. మా ప్లగ్గులకీ ఇదే రోగం. అప్పుడే సూపించుంటే నేనే సెప్పేవోణ్ణి కదా" అన్నాడు.

అప్పుడే చూపించి ఉంటే. నాలుగేళ్ళ కిందట నేను తీగని చూడలేదు, ఆయన్ని అడగనూ లేదు. మూఢనమ్మకం ఉన్న ముసలాయన అనుకుని ఊరుకున్నాను. ఆ హాల్లో చిలుము గురించి అందరికంటే ఎక్కువ తెలిసినవాడు ఆయనే.

తీగ నా చేతికి ఇచ్చి కాసేపు నిలబడ్డాడు. "తీగ సంగతి ఒప్పుకుంటాను. మా తమ్ముడి సంగతి మాత్రం నువ్వు సెప్పినట్టు పలకలూ గిలకలూ అంటే నా మనసు ఒప్పుకోదు" అన్నాడు. నేను వాదించలేదు. తమ్ముడి పేరు అడిగాను. చెప్పాడు. ఇద్దరం కుర్చీలు సర్ది, తాళం వేసి బయటికి వచ్చాం.

ఆ నోటుపుస్తకం పేజీలు రెండూ నా దగ్గరున్నాయి. మిత్రులారా, మీ చేతికీ ఇలాంటి మంత్రం ఒకటి అంటుకునే ఉంటుంది. లిఫ్టు మీట పదిసార్లు నొక్కడమో, టీవీ రిమోట్‌ని అరచేతికేసి కొట్టడమో, బండి తాళం మూడుసార్లు తిప్పడమో. ఈ వారం దాన్ని ఒక్కసారి చెయ్యకుండా ఆగి, ఏమవుతుందో రాసుకోండి. పక్కింటాయన నిమ్మకాయ దగ్గరికి ఆ తర్వాత వెళ్దాం.